పద్నాలుగో గొట్టం

పద్దెనిమిది రోజులు ఖతార్‌లో ఉండి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి మా వాళ్ళు అక్కడి మేడల గురించి, ఎండ గురించి, ఖర్జూరాల గురించి అడుగుతూనే ఉన్నారు. నేనూ చెబుతూనే ఉన్నాను. కానీ ఆ ప్రయాణంలో నేను చేసిన పని ఒకటుంది. దాన్ని దాటేసి మిగతాదంతా చెప్పినప్పుడల్లా నోట్లో ఇసుక ఉన్నట్టుంటుంది. ఎదురుగా కూర్చుని నోటితో చెప్పే ధైర్యం లేదు కాబట్టి రాస్తున్నాను.

నేను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాను. ఫ్యాక్టరీల నుంచి గాలిలోకి వచ్చే విషవాయువులను కొలవడం మా పని. ఈసారి మమ్మల్ని పిలిచింది దోహా నుంచి గంట దూరంలో ఉన్న ఒక పెట్రో కెమికల్ కంపెనీ. పేరు రాయను. దాని కంచె పొడవునా ఇరవై నాలుగు చోట్ల గొట్టాలు పెట్టి, రెండు వారాల తర్వాత తీసి తేవాలి. గొట్టం అంటే పెద్దదేమీ కాదు, వేలంత పొడవున్న ఉక్కు గొట్టం. లోపల నల్లటి పొడి ఉంటుంది. కంచెకి వేలాడదీసి వదిలేస్తే గాలిలో తిరిగే బెంజీన్ లాంటి వాయువులు ఆ పొడికి పట్టుకుంటాయి. ల్యాబుకి తెచ్చి వేడిచేస్తే ఎంత పట్టుకుందో లెక్క తేలుతుంది. బెంజీన్ ఏళ్ళ తరబడి ఒంట్లోకి వెళితే రక్తం పాడవుతుంది, క్యాన్సర్ వస్తుంది. అందుకని ఈ కొలత. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. గొట్టాన్ని పెట్టాల్సిన చోట పెట్టే మనిషి ఉంటే చాలు.

ఉమ్ ఘువైలినా

నాకు గది దోహాలోని ఉమ్ ఘువైలినా అనే పేటలో ఇచ్చారు. నాలుగైదంతస్తుల పాత ఇళ్ళు, కింద దర్జీ షాపులు, మంగలి షాపులు, ఫోన్ రీచార్జి కొట్లు. కాసేపు విజయవాడ గవర్నరుపేట సందుల్లో తిరుగుతున్నట్టే అనిపించింది. కాకపోతే హారన్ల మోత లేదు. హారన్ మోగేది టీ కొట్టు ముందే. కారు దిగకుండా రెండుసార్లు హారన్ కొడితే లోపల్నుంచి మనిషి వచ్చి, ఎన్ని అని వేళ్ళతో అడిగి, కాగితం కప్పుల్లో కరక్ టీ తెచ్చి కిటికీలోంచి అందిస్తాడు. డబ్బా పాలు, యాలకులు వేసి చిక్కగా మరిగించిన టీ. మన ఇరానీ చాయ్‌కి దగ్గరి చుట్టం. కప్పు రెండు రియాళ్ళు. మన దగ్గర టీ కొట్టాయన్ని హారన్ కొట్టి పిలిస్తే ఏమంటాడో మీకు చెప్పక్కర్లేదు.

ఆ హారన్ కొట్టడం నేర్పింది జాఫర్ భాయ్, నాకు ఇచ్చిన కారు డ్రైవరు. బోధన్ మనిషి, యాభై దాటాయి, పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ఉన్నాడు. ఒక మాట ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో పూర్తిచేస్తాడు. మొదటి రోజు పొద్దున గొట్టాల పెట్టె వెనక సీట్లో పెట్టుకుని బయల్దేరామో లేదో, ఆయన కారును నేరుగా పెట్రోలు బంకులోకి తిప్పాడు.

"ఆపండి, ఆపండి! బయటికి తీసుకెళ్ళండి!" అని అరిచాను.

పాపం అదిరిపోయి కారు రోడ్డు మీదికి తెచ్చి ఆపాడు. ఈ గొట్టాలు పెట్రోలు ఆవిరిని పీల్చుకుంటాయనీ, కంచె దగ్గరికి చేరకముందే మైలపడితే కొలత తప్పవుతుందనీ వివరించాను. ఆయన ఒంటికి రాసుకున్న అత్తరు కూడా పనికిరాదన్నాను.

"పెట్రోల్ దేశానికి వచ్చి పెట్రోల్ వాసనకు డర్తున్నరు సాబ్," అని నవ్వాడు. "పర్వా లేదు. మీరు పక్కా మనిషి. రేపటి నుంచి అత్తర్ బంద్."

మర్నాటి నుంచి నిజంగానే మానేశాడు. ముందురోజు సాయంత్రమే పెట్రోలు కొట్టించుకుని వచ్చేవాడు. పక్కా మనిషి అన్న ఆ మాట అప్పుడు నాకు చాలా బాగుంది.

కంచె

కంపెనీలో మొదటి సగం పూట భద్రతా పాఠాలతోనే గడిచింది. ఛాతీకి గ్యాస్ అలారం తగిలించారు, మా ఫోన్లు గేటు దగ్గరే ఉంచుకుని వాళ్ళ కెమెరా ఇచ్చారు. ఇవన్నీ చూసిన అధికారి జోజి, కేరళ ఆయన. మర్యాదస్తుడు, నిబంధనల విషయంలో మాత్రం వెంట్రుకవాసి కూడా సడలించడు. నాకు సాయానికి ఒక కార్మికుణ్ణి ఇచ్చాడు. పేరు సైలు. నలభై రెండేళ్ళుంటాయి, కోరుట్ల దగ్గరి పల్లె. సన్నగా, ఎండకి మాడిన మొహం, మెడ చుట్టూ తడిపిన తువ్వాలు.

"మీది ఆంధ్రానా సార్?" అని అడిగాడు మొదట.

"సామర్లకోట. ఇరవయ్యేళ్ళుగా హైదరాబాదులోనే."

"అయితే సగం మావోళ్ళే," అన్నాడు.

ఆ కంచె చుట్టుకొలత ఆరు కిలోమీటర్లకు పైనే. సెప్టెంబరు ఆఖరు. ఎండాకాలంలో మధ్యాహ్నం బయట పని చేయించకూడదనే అక్కడి నిషేధం అప్పుడే ముగిసింది. ముగిసిందని ఎండకి ఎవరూ చెప్పినట్టు లేదు. సైలు నిచ్చెన మోస్తూ, నేను పెట్టె మోస్తూ స్తంభం తర్వాత స్తంభం తిరిగాం. గొట్టానికి మూత తీయడం, వాన పడకుండా పైన చిన్న గొడుగు లాంటి రేకు తగిలించడం, తెల్ల ప్లాస్టిక్ టైతో బిగించడం, నంబరు రాయడం, ఫోటో తీయడం. మూడో గొట్టానికల్లా సైలు పని నేర్చేసుకున్నాడు. నేను చేయి చాచకముందే టై అందించేవాడు.

"గిది ఏం జేస్తది సార్?"

చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే మేము పీల్సే గాలి ఇది గూడ పీలుస్తదన్నట్టు. మరి మేము చెప్తే ఎవరింటలేరు గద, ఇది చెప్తే ఇంటరా?"

"వినాలి. అంకెలు వస్తే కాదనలేరు."

మధ్యాహ్నం తన షెడ్డుకి భోజనానికి రమ్మన్నాడు. కంచెకి ఆగ్నేయం మూలన, బయట ఆనుకుని, కాంట్రాక్టు కార్మికులు అన్నం తిని నడుం వాల్చే ప్లైవుడ్ షెడ్డు అది. ఒక ఏసీ, పన్నెండు మంది, నేల మీద చాపలు. నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్ళు. ఇద్దరు నేపాలీలు. నాకు చాప దులిపి వేశారు. అన్నం, పప్పు, ఇంటి నుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు, వేయించిన గుడ్లు, ఖుబూస్ అనే రొట్టె. ఆ రొట్టెని పప్పులో ముంచి తింటే బాగుంటుందని వాళ్ళే నేర్పారు. తొక్కు సీసా అడుగుకి వచ్చినా నా పళ్ళెంలో రెండోసారి వేశారు.

తింటుండగా గాలి మళ్ళింది. పెట్రోలు బంకు వాసన లాంటిది, కొంచెం తియ్యగా, షెడ్డంతా నిండింది. అక్కడ గాలి ఏడాదిలో చాలా రోజులు వాయవ్యం నుంచే వీస్తుంది. అంటే ట్యాంకుల మీదుగా వచ్చి ఈ మూలకే చేరుతుంది. నాకు అది పుస్తకంలో చదివిన విషయం. దుర్గయ్య అనే నిర్మల్ ఆయన తినడం ఆపి పళ్ళెం పక్కన పెట్టాడు.

"రోజు గింతే సార్. తలకాయ తిరుగుతది, బుక్క దిగదు. ఏసీ బంద్ జేస్తే ఉడుకు, ఏస్తే వాసన."

సైలు నా వైపు తిరిగాడు. "మా షెడ్డు కాడ ఒకటి పెట్టుండ్రి సార్."

మ్యాపు తీసి చూపించాను. సరిగ్గా ఆ మూలనే పద్నాలుగో నంబరు గుర్తు ఉంది.

"ఇదిగో, ముందే రాసి ఉంది. వరసలో దీని వంతు రేపు. కడతాను. తప్పకుండా."

పన్నెండు మందీ వంగి ఆ మ్యాపు మీది చుక్కని చూశారు.

రెండో రోజు

మర్నాడు పదకొండు గంటలకి సైలుని ఏదో లారీ సరుకు దించడానికి పిలిపించారు. మిగిలిన గొట్టాలు నేనూ జాఫర్ భాయ్ కారులో తిరుగుతూ కట్టాం. మధ్యాహ్నం రెండింటికి ఒక్క పద్నాలుగు మిగిలింది. ఆ మూలకి తారు రోడ్డు లేదు. తెల్లగా ఉప్పు పెచ్చు కట్టిన నేల. పైకి గట్టిగానే కనిపిస్తుంది, కింద బురద. అక్కడివాళ్ళు దాన్ని సబ్ఖా అంటారు. ముందురోజు సైలు వెంట కంచె పక్కన కారు పట్టని గట్టి దారిలో నడిచి వెళ్ళాం. ఈసారి త్వరగా అవుతుందని నేనే కారుని అడ్డంగా పోనిమ్మన్నాను. వంద గజాలు పోయామో లేదో ముందు చక్రాలు దిగబడ్డాయి.

బయటికి లాగడానికి గంటన్నర పట్టింది. జాఫర్ భాయ్ చేతులతో బురద తోడాడు. నేను కారు కింద తోసే చెక్క కోసం రెండుసార్లు రోడ్డు దాకా వెళ్ళొచ్చాను. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, కళ్ళ ముందు నల్ల చుక్కలు. నీళ్ళ సీసా అయిపోయింది. కారు రోడ్డెక్కాక ఏసీ గాలి మొహానికి కొట్టింది. షెడ్డు అక్కణ్ణుంచి నడిస్తే ఇరవై నిమిషాలు. మళ్ళీ వెనక్కి ఇరవై.

నేను నడవలేదు.

రెండో గేటు పక్కన, రోడ్డుని ఆనుకుని ఉన్న స్తంభానికి పద్నాలుగో గొట్టం కట్టేశాను. అది ఉత్తరం వైపు. ట్యాంకుల నుంచి వచ్చే గాలి అటు వెళ్ళదు. కాగితంలో మాత్రం షెడ్డు మూల స్థానమే రాశాను, అక్షాంశ రేఖాంశాల అంకెలు మ్యాపులోంచి ఎక్కించాను. ఫోటో బాగా దగ్గరగా తీశాను, గొట్టం తప్ప వెనక ఏదీ కనపడకుండా. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఫోటో ఎలా తీస్తే ఏది కనపడదో నాకు తెలుసు.

జాఫర్ భాయ్ చేతులు తుడుచుకుంటూ చూస్తున్నాడు. "సాబ్, షెడ్ అటు కదా?"

"ఇక్కడైనా అదే గాలి," అన్నాను.

ఆయన వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

అల్ ముంతజా

రెండు వారాలు ఖాళీ. పొద్దున పూట కాగితాల పని, సాయంత్రాలు తిరుగుడు. అల్ ముంతజాలో పార్కు పక్కన నడిచేవాణ్ణి. శుక్ర, శనివారాలు అక్కడ సెలవు. ఆదివారం పొద్దున్నే అందరూ డ్యూటీకి పరిగెత్తుతుంటే నా ఒళ్ళు మాత్రం బద్ధకించేది. ఒక హోటల్లో పళ్ళెంలో ముగ్గురికి సరిపడా మజ్బూస్ పెట్టారు. మన బిర్యానీకి కారం తీసేసి ఎండు నిమ్మకాయ వేస్తే వచ్చే రుచి. ఒక కొట్లో ఖర్జూరాలు బేరమాడాలని వచ్చీరాని అరబీ, తర్వాత ఇంగ్లీషు, తర్వాత హిందీ ప్రయత్నించాను. చెమటలు పట్టాక కొట్టాయన నెమ్మదిగా "ఫిక్స్ రేట్ అన్నా. మీది ఏ ఊరు?" అన్నాడు. ఆయనది ఆర్మూరు. ఇద్దరం నవ్వుకున్నాం. అర కిలో ఎక్కువే కొన్నాను.

పద్నాలుగో నంబరు గుర్తొచ్చినప్పుడల్లా నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఇరవై మూడు సరిగ్గా కట్టానుగా. అందులో రెండు ఆ మూలకి అటూ ఇటూ ఉన్నాయిగా. ఇలాంటివి ప్రతి ల్యాబులోనూ జరుగుతాయిగా. చెప్పుకున్న కాసేపు నమ్మకంగానే ఉండేది.

మళ్ళీ కంచె

గొట్టాలు తీసే రోజు నేను అనుకోనిది ఒకటి జరిగింది. జోజి కూడా వస్తానన్నాడు. తీసేటప్పుడు కంపెనీ మనిషి సంతకం ఉండాలట. మ్యాపు ఆయన చేతిలో, స్టీరింగు ఆయన చేతిలో. జాఫర్ భాయ్, నేను వెనక. గొట్టాలు ఒక్కొక్కటే తీస్తూ వెళ్ళాం. రెండో గేటు దాటుతూ నేను ఓరగా స్తంభం వైపు చూశాను. అక్కడ గొట్టం లేదు.

పదమూడోది తీశాక జోజి కారు రోడ్డు మీదే ఆపి, మ్యాపు చూసుకుంటూ కంచె పక్కన గట్టి దారిన షెడ్డు దాకా నడిపించాడు. ఇప్పుడు ఇక్కడ ఖాళీ స్తంభం కనిపిస్తుంది, ఏం చెప్పాలి అని ఆలోచిస్తూ వెనకే నడిచాను.

గొట్టం అక్కడే ఉంది. షెడ్డుకి ఎదురుగా, సరైన ఎత్తులో, రేకు గొడుగు కింద. నా చేతిరాతతో పద్నాలుగు.

ఊపిరి పీల్చుకున్నాను. ఎలా వచ్చిందో అప్పటికి తట్టలేదు. జోజి మాత్రం దగ్గరికి వెళ్ళి వేలితో చూపించాడు. మిగతావన్నీ తెల్ల ప్లాస్టిక్ టైలతో ఉన్నాయి. ఇది ఇనప బైండింగు తీగతో కట్టి ఉంది, ఇనుప చువ్వలు కట్టే పనివాళ్ళు వాడే తీగ. రెండు చుట్లు చుట్టి, మొన గుచ్చుకోకుండా లోపలికి మడిచారు.

"ఇది మీరు కట్టిందేనా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

అప్పుడు అర్థమైంది. ఎవరో దీన్ని అక్కణ్ణుంచి విప్పి ఇక్కడికి తెచ్చి కట్టారు. నేను చేయాల్సిన పని చేశారు. 'నేను తప్పుచోట కట్టాను, ఎవరో సరిచేశారు' అని ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. అది చెబితే కాగితంలోని స్థానం, ఫోటో, నా సంతకం, మిగతా ఇరవై మూడూ, మా ల్యాబు పేరూ అన్నీ ప్రశ్నలవుతాయి. ఇదంతా ఒక్క క్షణంలో ఆలోచించాను.

"నేను ఇలా కట్టలేదు. ఎవరో ముట్టుకున్నారు," అన్నాను.

ప్రతి అక్షరం నిజమే. అంతకంటే పెద్ద అబద్ధం నేను ఎన్నడూ ఆడలేదు.

జోజి షెడ్డు తలుపు తట్టాడు. భోజనం మధ్యలో ఉన్న పన్నెండు మందీ బయటికి వచ్చారు. ఎవరు చేశారని హిందీలో అడిగాడు. సైలు ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ముందుకొచ్చాడు. నా వైపు చూశాడు. నేను చేతిలో ఉన్న కాగితం చూసుకున్నాను.

"గిర్ గయా థా సాబ్. మై బాంధా," అన్నాడు.

కిందపడితే తనే మళ్ళీ కట్టానని. నన్ను కాపాడటానికి ఆ మాట అంటున్నాడని నాకు తెలిసింది. నా పక్కనున్న జాఫర్ భాయ్ కాలు కదిపాడు, ఏదో అనబోయాడు. సైలు ఆయన వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

"పడితే చెప్పాలి, ముట్టుకోకూడదు. శిక్షణలో ఇది మొదటి పాఠం," అన్నాడు జోజి. కోపంగా అనలేదు. చెయ్యి చాపాడు. సైలు మెడలోంచి గేటు పాసు తీసి ఇచ్చాడు. తాడుకి తువ్వాలు చిక్కుకుంటే విడదీసి మరీ ఇచ్చాడు.

తర్వాత కాగితంలో పద్నాలుగో వరస దగ్గర నేను నా చేత్తోనే రాశాను: 'చెల్లదు. సైటు కార్మికుడు కదిలించాడు.' జోజి పక్కన సంతకం పెట్టాడు. గొట్టానికి మూతలు బిగించి పెట్టెలో పెట్టాను. వెనక దుర్గయ్య ఎవరితోనో మెల్లగా "గాయన మనతోని తిన్నోడే గదనే" అనడం వినబడింది.

తిరుగు దారిలో జాఫర్ భాయ్ రేడియో పెట్టలేదు. టీ కొట్టు వచ్చింది, పోయింది. గది ముందు ఆపాక అద్దంలోంచి నన్ను చూస్తూ అన్నాడు: "నాది వేరే కంపెనీ సాబ్. నేను చెప్తే నాకేం నుక్సాన్ లేదు. ఆయన వద్దన్నడు కాబట్టి ఖామోష్ ఉన్న."

అల్ వుకైర్

మర్నాడు శుక్రవారం. సైలుని చూడాలి, తీసుకెళ్ళమని జాఫర్ భాయ్‌ని అడిగాను. నమాజు అయ్యాక వచ్చి తీసుకెళ్ళాడు. అల్ వుకైర్ వైపు కొత్త ఇళ్ళ వరసలు దాటాక కార్మికుల క్యాంపు. ఒకే రంగు భవనాలు, వసారాల నిండా ఆరేసిన నీలం యూనిఫారాలు. సెలవు రోజు కాబట్టి ప్రతి గదిలోంచీ పోపు వాసన, ఎవరో ఊళ్ళోవాళ్ళతో వీడియోలో గట్టిగా మాట్లాడుతున్న గొంతులు.

సైలు మెట్ల మీద కూర్చుని బూట్లు కడుగుతున్నాడు. నన్ను చూసి గబగబా లేచాడు. గదిలోకి రమ్మన్నాడు. నేను మెట్ల మీదే కూర్చున్నాను. వాళ్ళ చేత ఇంకోసారి చాప వేయించుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

"ఎందుకు మార్చావు సైలూ? నాకు ఒక్క మాట చెప్పాల్సింది," అన్నాను. నేను అడగడానికి వచ్చింది అది కాదు. నోట్లోంచి ముందు అదే వచ్చింది.

"రెండు దినాలు సూసిన సార్. మా మూలకు గొట్టం రాలే. జాఫర్ భాయ్‌కు ఫోన్ జేసి అడిగిన. బురదల కారు దిగబడ్డది, సార్‌కు ఎండ తగిలింది, గేటు కాడ కట్టిండు అన్నడు. పోనీ, మీకు అలవాటు లేని ఎండ. చాతగాలే. అన్నం తిన్నంక నేనే పోయి ఇప్పుకొచ్చిన. లోపలి పొడికి చెయ్యి తగలనియ్యలే సార్. తువ్వాల గూడ ఉతికిందే పట్టుకపోయిన."

"నిన్న జోజి ముందు అసలు సంగతి ఎందుకు చెప్పలేదు?"

సైలు బూటు అడుగున బురద గీకాడు.

"మీరు తప్పు కట్టిండ్రని నేనంటే, మీ మాట మీద నమ్మకం పోతది. మీ మాట పోయినంక గొట్టం మాట ఎవరింటరు సార్? గందుకే ఊకున్న. నా పాస్ పోతే పోయింది. కంపెనీ ఇంకో సైటుకు ఏస్తది. దుర్గయ్యోళ్ళు అక్కన్నే ఉంటరు గద." తలెత్తాడు. "గొట్టం పోయింది గద సార్, ల్యాబుకు?"

దాని పక్కన 'చెల్లదు' అని రాసి ఉందని ఆయనకి తెలియదు. చెల్లనిదాన్ని ల్యాబులో వేడి చేయరనీ, అది ఏ మాటా చెప్పదనీ తెలియదు. తన పాసు దేనికోసం వదులుకున్నాడో దాన్ని నేను ఒక్క గీతతో కొట్టేశానని తెలియదు. చెప్పడానికే వచ్చాను.

"పోయింది," అన్నాను.

ఆయన మొహం తేటపడింది. లోపలికి వెళ్ళి గ్లాసులో మజ్జిగ తెచ్చాడు. తాగాను.

హైదరాబాద్

తిరిగొచ్చిన రెండో రోజు, నిబంధనకి విరుద్ధంగా, పద్నాలుగో గొట్టాన్ని కూడా యంత్రంలో పెట్టమన్నాను. రెండు మూడు రోజులు తప్పుచోట ఉన్నది కాబట్టి ఆ అంకె లెక్కలోకి రాదని తెలుసు. నా కోసం చూసుకున్నాను. మిగతా ఇరవై మూడు గీతలూ కాగితం అడుగున పాకుతున్నాయి. పద్నాలుగోది వాటిని దాటి, పరిమితి గీతని దాటి, ఎక్కడికో వెళ్ళింది. ఆ రెండు మూడు రోజుల శుభ్రమైన గాలి కలిసి కూడా అంత వచ్చింది. ఆ షెడ్డులో నేను గంట కూర్చున్నాను. దుర్గయ్య ఎన్నేళ్ళ నుంచి కూర్చుంటున్నాడో అడగలేదు.

కంపెనీకి వెళ్ళాల్సిన నివేదిక అప్పటికే సిద్ధంగా ఉంది. 'అన్ని చోట్లా పరిమితిలోపే. ఒక నమూనా చెల్లలేదు.' నా సంతకం ఒక్కటే బాకీ. దాన్ని తీసుకుని మా ల్యాబు పెద్ద సుజాత గారి గదిలోకి వెళ్ళాను. నాకంటే పదేళ్ళు చిన్నావిడ. కారు దిగబడటం దగ్గర్నుంచి మజ్జిగ దాకా అంతా చెప్పాను. చివర్న ఆవిడ, "ఆయన పేరు కాగితంలో ఉందా?" అని అడిగింది.

"పేరు లేదు. కార్మికుడు అని ఉంది."

"మీ పేరు?"

"తప్పు ఎవరిది అనే చోట లేదు."

"అయితే కంపెనీకి ఉత్తరం మీరే రాయండి. ఇప్పుడు, ఇక్కడే."

ఆవిడ ఎదురుగా కూర్చుని రాశాను. గొట్టం తప్పుచోట కట్టింది నేననీ, స్థానం అబద్ధం రాసింది నేననీ, సరైన చోటికి చేర్చిన కార్మికుడు సైలు ఏ తప్పూ చేయలేదనీ, మొత్తం కొలత మా ఖర్చు మీద మళ్ళీ చేస్తామనీ. నాలుగు వాక్యాలకి గంట పట్టింది. ఆ రోజు నుంచి నన్ను బయటి పనులకి పంపడం ఆపేశారు. నాకు న్యాయంగానే తోచింది. మా విభాగంలో చిన్నవాళ్ళు ఇప్పుడు నాతో మాట్లాడేటప్పుడు ఎక్కడ చూడాలో తెలియక అవస్థపడతారు. దానికి అలవాటు పడలేదు.

రెండోసారి వేరే వాళ్ళు వెళ్ళారు. ఇరవై నాలుగూ సరైన చోట కట్టారు. పద్నాలుగోది మళ్ళీ పరిమితి దాటింది. కంపెనీ వెతికితే ఒక ట్యాంకు పైకప్పు అంచున రబ్బరు పట్టీ చీలి ఉందట. మార్చారు. షెడ్డుని కూడా ట్యాంకుల గాలి తగలని వైపుకి తరలించారని జోజి ఉత్తరం రాశాడు. సైలుకి గేటు పాసు తిరిగి ఇవ్వడానికి 'అభ్యంతరం లేదు' అని ఒక లైను రాశాడు. కానీ అప్పటికే సైలుని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టు కంపెనీ ఆయన్ని ఎడారిలో ఇంకో చోటికి పంపేసింది. అక్కణ్ణుంచి వెనక్కి తేవడం ఎవరి పనీ కాలేదు.

జాఫర్ భాయ్ దగ్గర నంబరు తీసుకుని ఒక శుక్రవారం ఫోను చేశాను. ముందుగా, క్యాంపులో నేను చెప్పకుండా దాచిన 'చెల్లదు' సంగతి చెప్పాను.

"గట్లనా సార్," అన్నాడు.

"నన్ను క్షమించు సైలూ."

ఆయన షెడ్డు మాట ఎత్తాడు. షెడ్డు జరిపారని దుర్గయ్య చెప్పాడనీ, దుర్గయ్య ఇప్పుడు కడుపునిండా తింటున్నాడనీ చెప్పాడు. మా ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. తర్వాత, పెట్టేసే ముందు, గొంతు తగ్గించాడు.

"ఇక్కడ గూడ ట్యాంకులున్నయ్ సార్. పొద్దుగూకితే గదే వాసన. ఇటు దిక్కు గొట్టాలు ఎవరు గడ్తరో నాకు ఎర్క లేదు. ఎవరన్న వస్తే, వచ్చేటాయనకు ఒక్క మాట జెప్పుండ్రి."

"ఏమని?"

"కారు దిగి నడువుమనుండ్రి."